టీచరమ్మ గుడ్లు పెట్టింది

మధ్యాహ్నం మూడు గంటలు. వంటింటి గుమ్మం దగ్గర అత్తగారు సామాను సర్దుకుంటోంది. బడిలో సైన్సు చెప్పే అల్లుడు మట్టి చేతులతో పెరట్లోంచి వచ్చాడు.

"అత్తయ్యా, టీచరమ్మ గుడ్లు పెట్టింది."

"చేతులు కడుక్కుని లోపలికి రండి అల్లుడుగారూ. ఇప్పుడే గచ్చు తుడిచాను."

"నిజమండీ. గోడ మూల, దానిమ్మ చెట్టు కింద. మట్టి కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తే ఏంటా అని తవ్వాను."

"సరే. తాబేలన్నాక గుడ్లు పెట్టక పాలిస్తుందా? ఆ తాడు ఇటివ్వండి. ఈ పెట్టె మూత పడట్లేదు."

"ఇంత మామూలుగా తీసిపారేస్తారేంటి?"

"కోళ్ళ హ్యాచరీలో నలభై ఏళ్ళు పనిచేశానండీ. పొద్దున లేస్తే పది వేల గుడ్లు. మూడు గుడ్లకి ఒళ్ళు పులకరించాలంటే ఎలా?"

"అవి కోళ్ళు. ఇది..."

"తాడు."

"ఇదిగో. వ్యాను ఎన్నింటికి రమ్మన్నారు?"

"నాలుగింటికి. వాడు చెప్పిన టైముకంటే ముందే వచ్చే రకం. మా చెల్లెలు పొద్దుటినుంచి రెండుసార్లు ఫోను చేసింది. నా గదికి సున్నం కూడా వేయించిందట."

"అలాగా."

"అలాగా అంటే?"

"అంటే... మంచిదే. సున్నం వేయించడం మంచిదే."

"ఆ చేతిలో ఏంటది? వెనక్కి దాస్తారేం?"

"గుడ్లు. మీరు చూస్తారని తెచ్చాను."

"నేను అన్నం తినే పళ్ళెంలోనా! మట్టితో సహానా!"

"కడుగుతాను. నేనే కడుగుతాను. ఒక్కసారి చూడండి. పింగ్‌పాంగు బంతుల్లా లేవూ?"

"ఏదీ, ఇలా ఇవ్వండి. ఊఁ. పెంకు గట్టిదే. తెల్లగానే ఉంది. ఇటు వైపు..."

"తిప్పకండి!"

"అమ్మో! గుండె ఆగినంత పనైంది. ఏమైందండీ?"

"తిప్పకూడదు. పైభాగానికి పెన్సిలుతో గుర్తు పెట్టాను చూడండి. ఆ గుర్తు ఎప్పుడూ పైకే ఉండాలి."

"గుడ్డుని తిప్పకూడదని నాకు చెప్తున్నారా మీరు? గంటగంటకీ తిప్పకపోతే మా సూపర్‌వైజరు నా మీద ఎగిరిపడేవాడు. గుడ్డంటేనే తిప్పడం. తల్లికోడి కూడా ముక్కుతో తిప్పుకుంటుంది."

"కోడిగుడ్డుని తిప్పాలి. తాబేలు గుడ్డుని తిప్పకూడదు. లోపల పిండం పైపెంకుకి అతుక్కుని పెరుగుతుంది. తలకిందులు చేస్తే పచ్చసొన మీదపడి చచ్చిపోతుంది."

"చచ్చిపోతుందా?"

"అవునండీ."

"ఒక్కసారి తిప్పినా?"

"ఒక్కసారి తిప్పినా ప్రమాదమే."

"ఇది నాకెవరూ చెప్పలేదే. మరి... లోపల మొదటినుంచీ ఏమీ లేని గుడ్డనుకోండి. దాన్ని తిప్పితే?"

"లేనిదానికి ఏమవుతుంది? ఏమీ కాదు."

"అయితే ఫరవాలేదు."

"ఏంటి ఫరవాలేదు?"

"ఊరికే అన్నాను. పళ్ళెం అక్కడ కింద పెట్టండి. ఎండ తగలకుండా. ఇంకో సంగతి చెప్పండి నాకు. హెడ్మాస్టరు పోయి మూడేళ్ళు దాటింది కదా?"

"దాటింది."

"ఈ ఇంట్లో ఉన్న మగ తాబేలు అదొక్కటే కదా?"

"అదొక్కటే."

"మరి టీచరమ్మకి ఇప్పుడు గుడ్లేంటి?"

"అది... అదేంటంటే... కొన్ని జంతువుల్లో..."

"ఊఁ."

"అంటే, ప్రత్యుత్పత్తి అనేది... మీకు తెలుసుగా."

"తెలీదు. చదువుకోలేదు నేను. చెప్పండి."

"మగజీవి నుంచి వచ్చిన... ఆ... దాన్ని ఆడజీవి లోపల..."

"గోడ వైపు తిరిగి చెప్తారేంటి? నేను ఇటున్నాను."

"ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా లేదా అని చూస్తున్నాను."

"మా అమ్మాయి చెప్పేది లెండి. ఎనిమిదో తరగతిలో ఆ పాఠం వచ్చిన రోజు మీరు గంటసేపూ బోర్డు వైపే తిరిగి ఉంటారట. పిల్లలకి మీ వీపు తప్ప ఏమీ కనపడదట."

"తను అలా చెప్పిందా?"

"నవ్వి నవ్వి చెప్పేది. మీరు ఎలా ముక్కుతారో చేసి కూడా చూపించేది."

"నేను ముక్కను."

"ఇప్పుడు ముక్కారు."

"సరే. చెప్తాను. ఆడతాబేలు మగదానితో కలిసిన తర్వాత ఆ వీర్యాన్ని లోపల దాచిపెట్టుకోగలదు. వెంటనే వాడాలని లేదు. సంవత్సరం, రెండేళ్ళు, మూడేళ్ళు. నాలుగేళ్ళు దాచుకున్నవి కూడా ఉన్నాయి. మగది పోయినా సరే, తనకి అనువుగా ఉన్నప్పుడు గుడ్లు పెడుతుంది. పిల్లలవుతాయి. అయిపోయింది. చెప్పాను."

"ఇంతేనా? దీనికా ఇంత చెమట పట్టింది మీకు?"

"మీకు ఆశ్చర్యంగా లేదా?"

"కోళ్ళలో లేదేంటి ఇది? పుంజుని తీసేశాక కూడా పెట్ట రెండు వారాలపాటు పనికొచ్చే గుడ్లే పెడుతుంది. హ్యాచరీలో చేరిన మొదటి నెలలోనే నేర్పారు నాకు. పుంజు మార్చినప్పుడు కొత్త పుంజు పిల్లలే కావాలంటే మూడు వారాలు ఆగి గుడ్లు తీసుకోవాలి."

"మరి తెలీదన్నారు!"

"మీరు చెప్తే విందామని."

"అత్తయ్యా!"

"ఏం? ఈ ఏడాదిలో మీరు నాతో ఏకబిగిన ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు. అందుకే ఆపలేదు. ఇంకా ఏమైనా ఉంటే చెప్పండి, టైముంది."

"చాలా ఉంది. సముద్రపు గుర్రం అని ఒక చేప ఉంది. దాంట్లో మగదే కడుపు మోస్తుంది, మగదే కంటుంది."

"మగదా?"

"పొట్ట దగ్గర సంచి ఉంటుంది. ఆడది వచ్చి గుడ్లు అందులో పెట్టేసి వెళ్ళిపోతుంది."

"ఆ పద్ధతి మనుషులకి కూడా పెట్టి ఉంటే మా ఆయన మొదటి నెలలోనే బడలిపోయేవాడు. జలుబు చేస్తేనే వీలునామా రాయమనేవాడు."

"ఇంకోటి. తాబేలు పిల్ల ఆడో మగో గుడ్డు పెట్టినప్పుడు తేలదు. మట్టి వెచ్చదనాన్ని బట్టి తేలుతుంది. ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు. చల్లగా ఉంటే మగపిల్లలు."

"అయితే మా అమ్మాయి తాబేలు కులమే. రోహిణి ఎండల్లో పుట్టింది."

"తాబేళ్ళని తెచ్చింది కూడా ఎండాకాలంలోనే. అరచేతిలో పట్టేంత ఉండేవి. బుట్ట కింద పెట్టి, మీ హెడ్మాస్టరుగారిని తెచ్చాను, లేచి నిలబడండి అంది."

"ఆ మెడ చాచి చూడటం, ఆ నడక, అచ్చం మీ హెడ్మాస్టరేనని నాతో కూడా అంది. మరి టీచరమ్మ?"

"హెడ్మాస్టరు ఎటు వస్తే దానికి ఎదురు దిక్కుకి వెళ్ళేది. అందుకని టీచరమ్మ."

"పాపం హెడ్మాస్టరు. వారాల తరబడి దాని వెనకాలే తిరిగేవాడు. వానలు పడగానే ఆ అరుపొకటి. నేను మొదటిసారి వచ్చినప్పుడు విని, గేటుకి నూనె వేయండి అన్నాను."

"తాబేలు జన్మంతా మూగగానే ఉంటుంది. ఆ ఒక్క సమయంలోనే అరుస్తుంది."

"గేటు కాదమ్మా, హెడ్మాస్టరు పాఠం చెప్తున్నాడు అని మీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. మీరేమో చెవులు ఎర్రబడి మేడెక్కేశారు."

"గుర్తుంది."

"ఇప్పుడుంటే, ఈ పళ్ళెం చూసి..."

"నవ్వేది."

"నవ్వేది."

"ఈ చీరలు ఇందులో పట్టేట్టు లేవండీ."

"సరే, ఆ సంచీ పట్టుకోండి. చీరలు కుదించి మూతి కుట్టేద్దాం. జబ్బున పడ్డ అమ్మాయిని చూసుకోవడానికి వచ్చాను. చూసుకున్నాను. అది పోయి ఏడాదైంది. ఇంకా అల్లుడింట్లో కూర్చుని ఏం చేస్తాను చెప్పండి?"

"మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అంటే బాగుండేది. ఎవరూ ఏమీ అనకపోవడమే. మీరు బడినుంచి వస్తారు. 'భోజనం?' అంటాను. 'అయింది' అంటారు. 'గేటు?' అంటాను. 'వేశాను' అంటారు. అంతే, తెల్లారిపోతుంది. మీకు మొహమాటం, నాకు మొహమాటం. నేను వెళ్తే మీరైనా లుంగీ కట్టుకుని హాయిగా హాల్లో పడుకుంటారు."

"నాకు హాల్లో పడుకోవాలని లేదు."

"మరేం కావాలి?"

"అంటే... ఈ గుడ్లు ఉన్నాయి కదా."

"ఉన్నాయి."

"వీటిని జాగ్రత్తగా చూడాలి."

"చూడాలి. ఒక పని చేద్దాం. నాతో ఇచ్చేయండి, మా చెల్లెలింటికి తీసుకెళ్తాను. వాళ్ళకి పెద్ద పెరడుంది."

"వద్దు!"

"ఏం?"

"వ్యాను. రోడ్డు. ఆరు గంటల ప్రయాణం. గుంతలు. కదిలితే పాడైపోతాయని ఇప్పుడే కదా చెప్పాను!"

"ఒళ్ళో పెట్టుకుంటాను."

"ఒళ్ళో అసలు వద్దు."

"పోనీ ఇక్కడే ఉంచి మీరే చూడండి. నేను పద్ధతి చెప్తాను. చిల్లుల పెట్టె, అందులో తడి ఇసక, పైన చిన్న బల్బు."

"నావల్ల కాదు. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం అయిదు. తేమ గంటగంటకీ చూడాలి."

"గంటగంటకీనా? తాబేలు తానే మట్టి కప్పేసి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి తిరిగి కూడా చూడదు. మరి దానికి లేని గంటలు మనకెందుకు?"

"అది... అడవిలో. ఇళ్ళల్లో గంటగంటకీ చూడాలి."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకం?"

"బడిలో ఉంది. ఇంట్లో లేదు."

"సరే, ఎన్నాళ్ళకి పిల్లలవుతాయి? కోడైతే ఇరవయ్యొక్క రోజు."

"తొంభై రోజులు."

"మూడు నెలలా!"

"నూట ఇరవై కూడా కావచ్చు. కాస్త చల్లగా ఉంటే నూట యాభై. కొన్ని రకాల్లో ఏడాది కూడా..."

"ఆగండాగండి. మీరు ఆగకపోతే ఈ పిల్లలు నా తర్వాత పుట్టేట్టున్నాయి. పుట్టాక పెంపకానికి ఎన్నాళ్ళు?"

"తాబేలు ఎనభై ఏళ్ళు బతుకుతుంది."

"అల్లుడుగారూ. నా మొహం చూసి చెప్పండి. గోడ కాదు. ఫ్యాను కాదు. ఏం చెప్పాలనుకుంటున్నారు మీరు?"

"నాకు మాటలు రావండీ."

"ముప్పై ఏళ్ళు బడిలో ఏం చేశారు మరి?"

"పాఠం వేరు."

"అయితే పాఠంలాగానే చెప్పండి. నేను నేల మీద కూర్చుంటాను. ఇదిగో, కూర్చున్నాను."

"అయ్యో, లేవండి, మీ మోకాళ్ళు..."

"మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. కానివ్వండి."

"సరే. తాబేలు గుడ్లు. పిల్లలు కావడానికి కావలసినవి మూడు. ఒకటి, వెచ్చదనం."

"ఊఁ."

"రెండు, తేమ."

"ఊఁ. మూడు?"

"మూడు..."

"చెప్పు నాయనా."

"మూడు, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి."

"ఇది పుస్తకంలో ఉందా?"

"లేదు. నేను చేర్చాను."

"ఓహో, నువ్వు చేర్చావా?"

"ఏం, తప్పా?"

"తప్పు కాదు. ఆ మూడోదానికి ఎవరో ఒకరని రాస్తే మార్కులు పడవు. ఎవరు ఉండాలో రాయాలి."

"మీరు... అదేంటి, హారనా?"

"హారనే. చెప్పానుగా, ముందే వచ్చే రకం. వెళ్ళు, తలుపు తియ్యి."

"పెద్దమ్మా! రెడీయేనా? సామాను ఎక్కించేయమంటారా? ఇవేనా, పెట్టె, రెండు సంచులు? నమస్తే మాస్టారూ. ఏంటండీ ఆ పళ్ళెంలో, నిమ్మకాయలు ఇంత తెల్లగా?"

"నిమ్మకాయలు కావు. తాబేలు గుడ్లు."

"తాబేలు గుడ్లు పెడుతుందా! పిల్లల్ని కనదా?"

"ఎక్కడ చదివావురా నువ్వు?"

"మీ దగ్గరే మాస్టారూ. ఎనిమిది, తొమ్మిది. కిటికీ పక్క బెంచి. గుర్తుపట్టలేదా?"

"నా దగ్గర చదివి తాబేలు గుడ్లు పెట్టదంటావా?"

"ఆ పాఠం మీరు చెప్పలేదు కదండీ. ఇది తేలికైన పాఠం, ఇంటి దగ్గర చదువుకోండి అన్నారు."

"విన్నావా నాయనా. బోర్డు వైపు తిరగడమే అనుకున్నాను, అది కూడా లేదన్నమాట."

"ఆ సంవత్సరం సిలబస్ ఎక్కువైందండీ, అందుకని..."

"దానివల్ల నాకెంత కష్టమొచ్చిందో అడగండి పెద్దమ్మా. పిల్లలు గోల పెడుతుంటే రెండు కుందేళ్ళు తెచ్చాను. రెండూ ఆడవే, భయం లేదు అన్నాడు అమ్మినవాడు. ఆడో మగో ఎలా చూడాలో నాకేం తెలుసు? నెల తిరిగేసరికి ఎనిమిది. మంచం కింద కుందేళ్ళు, బీరువా వెనక కుందేళ్ళు. మా ఆవిడ బియ్యం డబ్బా తీస్తే అందులోంచి ఒకటి తల బయటపెట్టి చూసింది. ఇప్పుడు పదిహేడు. ఇవాళ పొద్దున చూస్తే ఆ పెద్దది మళ్ళీ గడ్డి పోగేసుకుంటోంది."

"గడ్డి పోగేసి పొట్టమీది బొచ్చు పీక్కుంటోందా?"

"పీక్కుంటోంది మాస్టారూ! జబ్బేమో అనుకున్నాను."

"జబ్బు కాదు. ఇవాళో రేపో కంటుంది."

"అయ్యబాబోయ్. మాస్టారూ, ఇప్పుడైనా ఆ పాఠం చెప్పండి నాకు. ఫీజిస్తాను."

"ఆదివారం రా. ఆ రెండు పెద్దవాటినీ బుట్టలో పెట్టుకుని రా. ఎలా చూడాలో, ఎలా వేరు చెయ్యాలో చూపిస్తాను. ఎదురుగా కూర్చోబెట్టే చెప్తాను."

"వస్తాను మాస్టారూ, తప్పకుండా వస్తాను. పెద్దమ్మా, సామాను ఎక్కించేశాను, ఇక మీరూ ఎక్కండి. చీకటి పడకముందే ఘాట్ రోడ్డు దాటాలి."

"ఒక్క నిమిషం ఆగవయ్యా. ఏం నాయనా, ఇందాక ఏదో చెప్తున్నావు. హారను మోగింది, ఆపేశావు."

"ఏం చెప్తున్నాను?"

"మూడోది."

"అదేనండీ. వెచ్చదనం, తేమ... ఇంకా..."

"వ్యానువాడు నిలబడి ఉన్నాడు."

"మీరు ఉండాలి."

"ఎవరు?"

"మీరు, అత్తయ్యా. మీరు ఉండాలి ఇంట్లో."

"ఏమయ్యా అబ్బాయీ, పెట్రోలు ఎంతయిందో మా అల్లుడుగారు ఇస్తారు, తీసుకుని వెళ్ళు. ఆ సామాను దించి లోపల పెట్టేసి వెళ్ళు. నేను రావట్లేదు."

"అదేంటి పెద్దమ్మా! మీ చెల్లెలుగారు ఎదురుచూస్తూ ఉంటారు కదా!"

"ఫోను చేస్తాను. తాబేలుకి పురుడని చెప్తాను."

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు మరి?"

"తొంభై రోజులంటున్నారు."

"నూట యాభై."

"అదీ. ఇంకా పెరిగేట్టుంది. నీకు తొందరేం లేదు, నువ్వు ముందు వెళ్ళి ఆ కుందేలుకి చాటున ఓ అట్టపెట్టె పెట్టు. బియ్యం డబ్బా మూత గట్టిగా వెయ్యి."

"సరే పెద్దమ్మా. వస్తాను మాస్టారూ. ఆదివారం!"

"ఆదివారం."

"వెళ్ళాడా?"

"మలుపు తిరిగాడు. అత్తయ్యా, కాస్త మంచినీళ్ళు తాగండి. నేల మీదినుంచి లేచేటప్పుడు మోకాలు పట్టుకున్నారు, చూశాను."

"చూశావా? మంచిది. ఇప్పుడు పని చూడు. మామిడిపళ్ళ చెక్కపెట్టె ఒకటి అటక మీద ఉండాలి. బల్బు నలభైది చాలు, అరవై వద్దు."

"అత్తయ్యా, ఒక్క మాట."

"బల్బు పెట్టాక చెప్పు."

"కాదు, ఇప్పుడే చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నేను పుస్తకంలో ఉందన్నానే, గంటగంటకీ అని. అది పుస్తకంలో లేదు."

"తెలుసు."

"నాలుగేళ్ళు దాచుకోవడం మాత్రం నిజం. కానీ అన్నింటికీ అలా అవదు. ఎప్పుడో ఒకదానికి. మగది పోయిన ఇన్నాళ్ళకి పెట్టిన గుడ్లు ఎక్కువభాగం... ఇవి కూడా ఖాళీవి కావచ్చు. మీరు వ్యాను వెనక్కి పంపేశారు. చెల్లెలుగారు గదికి సున్నం వేయించారు. రేపు ఇవి ఖాళీవని తేలితే, ఊరికే ఆపేశానని మీరు బాధపడకూడదు. అందుకని ముందే చెప్తున్నాను."

"కావచ్చు కాదు నాయనా, ఖాళీవే. అది పెట్టినరోజు నేను అక్కడే ఉన్నాను. నెలయింది. వారం వారం తీసి దీపానికి అడ్డం పెట్టి చూస్తున్నాను, పిల్ల పడితే కనిపించే నెత్తురు చార ఒక్కదాంట్లోనూ పడలేదు. నీ కంట ఎప్పుడు పడతాయా అని మళ్ళీ అక్కడే పూడ్చి పెడుతున్నాను. వెళ్ళు, చీకటి పడకముందే ఇసక పట్రా."